కిటికీలు తుడిచే మనిషిని పిలిచే ముందు

మన ఇళ్లలో పనిమనిషితో మాట్లాడుకునే పనుల్లో కిటికీ అద్దాలు ఎక్కడా ఉండవు. ఊడవడం, తడిగుడ్డ పెట్టడం, అంట్లు, మహా అయితే బాత్రూములు. అద్దాలు మాత్రం పండక్కి ముందు మనమే స్టూలెక్కి తుడుచుకోవాలి, లేదంటే కర్టెన్ వేస్తే ఎవరికి కనిపిస్తుందిలే అని వదిలేయాలి. మేం చాలాకాలం ఆ రెండో పద్ధతిలోనే నెట్టుకొచ్చాం. ఊళ్లో ఇంటికి చెక్క కిటికీలు, ఇనప చువ్వలు, అసలు తుడవడానికి అద్దమే పెద్దగా లేదు. ఇక్కడ హైదరాబాదులో, నల్లగండ్ల వైపు ఫ్లాట్‌లోకి వచ్చాక హాల్లో గోడంత అద్దం, బెడ్రూముల్లో మూడేసి ట్రాకుల స్లైడింగ్ కిటికీలు, ఏ కిటికీలోంచి చూసినా ఎదురుగా ఇంకో టవర్ కోసం తవ్వకాలు. కింద ఉన్నదంతా బండ. దాన్ని పగలగొడితే లేచే తెల్లపొడి పొద్దున తుడిస్తే సాయంత్రానికి మళ్లీ సిద్ధం.

కానీ డబ్బులిచ్చి మనిషిని పిలవాల్సింది దుమ్ముకి కాదు. దుమ్ముకి తడిగుడ్డ చాలు, కాస్త ఓపిక ఉంటే. పిలవాల్సింది మరకలకి. పైఫ్లాట్ వాళ్లు బాల్కనీ కడుగుతారు, మొక్కలకి నీళ్లు పోస్తారు, ఆ చుక్కలు మన అద్దం మీద పడి ఎండకి ఆరిపోతాయి. బోరు నీళ్లో ట్యాంకరు నీళ్లో అయితే అందులో ఉన్న కాల్షియం, మెగ్నీషియం అక్కడే ఉండిపోయి తెల్లటి మచ్చలు కడతాయి. వీటి మీద కోలిన్ కొట్టి ఎంత రుద్దినా తడిగా ఉన్నంతసేపు మాయమైనట్టు కనిపించి, ఆరగానే మళ్లీ పైకి తేలతాయి. వాటిని కరిగించాలంటే పులుపు కావాలి, అంటే వెనిగరో నిమ్మరసమో. గుడ్డని వెనిగర్‌లో ముంచి మచ్చ మీద కాసేపు అంటించి ఉంచితే కొత్తవైతే వదిలేస్తాయి. ఏళ్ల తరబడి ఉన్నవి అద్దాన్నే కొంచెం తినేస్తాయి, అప్పుడు తుడవడం కాదు, పాలిష్ పట్టించాల్సిందే, అది వేరే మనిషి, వేరే రేటు.

అందుకే ‘ఏ మరకైనా పోగొడతాం మేడం’ అనేవాళ్లంటే నాకు భయం. బాత్రూముకి వాడే యాసిడ్ సీసా సంచిలోంచి తీస్తే అక్కడే ఆపేయండి. అద్దం సంగతేమో గానీ అల్యూమినియం ఫ్రేము పాడవుతుంది, కింద మార్బుల్ ఉంటే దాని మెరుపు పోతుంది. ఆమాటకొస్తే మార్బుల్‌కి వెనిగర్ కూడా పడదు, కింద పాత దుప్పటి పరచాలి.

మొదటిసారి ఒక యాప్‌లో బుక్ చేశాం. ఇద్దరొచ్చారు, యూనిఫాం, బూట్లకి కవర్లు, అంతా బాగుంది. స్ప్రే కొట్టారు, లోపలివైపు తుడిచారు, ఫోటోలు తీసుకున్నారు, రేటింగ్ ఐదు ఇవ్వమన్నారు. దోమల జాలీ అడిగితే ప్యాకేజీలో లేదట, ట్రాకులు అడిగితే అదీ లేదట. మెరిసే అద్దం కింద నల్లటి బురద పేరుకున్న ట్రాకు మరీ కొట్టొచ్చినట్టు కనబడింది. మా అత్తయ్య ఏమీ అనలేదు, ఈనాడు పేపరు ఉండచుట్టి ఒక మూల తుడిచి చూపించారంతే. (ఆ పద్ధతిలో తప్పేమీ లేదు, చివర్లో ఆరబెట్టడానికి పేపరు బాగానే పనిచేస్తుంది, నూగు అంటదు. కాకపోతే తెల్ల ఫ్రేముకి సిరా అంటుకుంటుంది.)

తర్వాత పక్క బ్లాకు వాళ్లు చెప్తే ఒక పాలమూరు అబ్బాయి వచ్చాడు. బకెట్టు, గ్లాస్ వైపరు, రెండు రకాల గుడ్డలు, ఒక చీపురుపుల్లల కట్ట. వచ్చీ రాగానే అద్దం మీద గోరుతో గీకి చూసి, ‘ఇవి బోరు నీళ్లవేనా మేడం? సన్‌ఫిల్మ్ ఏమన్నా అంటించారా?’ అన్నాడు. ఆ రెండో ప్రశ్నతోనే నాకు సగం నమ్మకం వచ్చింది, ఎందుకంటే ఫిల్మ్ ఉన్న అద్దానికి అమ్మోనియా ఉన్న మందులు వాడితే ఫిల్మ్ చెడిపోతుంది, బ్లేడు పెడితే చిరుగుతుంది. పడమటి కిటికీలు ముందు మొదలుపెట్టాడు, మధ్యాహ్నం ఎండ పడితే సబ్బునీళ్లు తుడిచేలోపే ఆరిపోయి చారలు పడతాయని.

అసలు పని చూడాలంటే ట్రాకు దగ్గర కూర్చోవాలి. స్లైడింగ్ తలుపుని రెండు చేతులతో పైకెత్తి, కింది అంచుని తనవైపు లాగి, మొత్తం ఊడదీసి హాల్లో దుప్పటి మీద పడుకోబెట్టాడు. అద్దం బయటివైపు అలా నేల మీదే శుభ్రమైపోయింది, ఎవరూ కిటికీలోంచి వేలాడకుండా! ఖాళీ అయిన ట్రాకులో ఎండిన బురద, చచ్చిన దోమలు, పావురం ఈకలు. బ్రష్షుతో కదిలించి, ఫ్రేము అడుగున సన్నటి కన్నాలు వెతికి వాటిలో చీపురుపుల్ల పెట్టి పొడిచాడు. చెంబుతో నీళ్లు పోస్తే ముందు అలాగే నిలబడ్డాయి, ఇంకోసారి పొడిచాక గుడగుడమని నల్లగా బయటికి దిగిపోయాయి. ‘వానాకాలం నీళ్లు లోపలికొస్తాయా మీకు?’ అన్నాడు. వస్తాయి, ప్రతి ఏడూ వస్తాయి. సందులకి సిలికాన్ కొట్టించాలని మావారు ఎప్పటినుంచో అంటున్నారు. ట్రాకులో పడిన వాన నీళ్లు బయటికి పోవడానికే ఆ కన్నాలు, అవి మూసుకుపోతే నీళ్లు ట్రాకు నిండి ఇంట్లోకి పొర్లుతాయి. ఆ తర్వాత పెద్ద వాన పడినప్పుడు కిటికీ కింద గుడ్డలు పరచాల్సి రాలేదు.

వైపరు గురించి ఒక్క మాట, నాకు ఇలాంటివి ఇష్టం కాబట్టి. సన్నటి ఒకే రబ్బరు అంచు ఉండే ఈ పనిముట్టుకి ఇప్పుడున్న రూపం ఇచ్చింది ఎత్తోరే స్టెకోనే అని ఇటలీ నుంచి కాలిఫోర్నియా వెళ్లి కిటికీలు తుడిచిన మనిషి, 1930ల్లో. అంతకుముందు వాడే బరువైనవి పనికి అడ్డమని తనే తేలికైనది చేసుకున్నాడు. మా ఇంటికొచ్చిన అబ్బాయి ఎడమ నుంచి కుడికి పాములా మెలికలు తిప్పుతూ ఎక్కడా చెయ్యి తీయకుండా కిందిదాకా లాగాడు. నేను ప్రయత్నిస్తే మధ్యలో నాలుగు గీతలు మిగిలాయి.

పెయింటు చుక్కలుంటే బ్లేడుతో తీస్తారు. అద్దం బాగా తడిపి, కొత్త బ్లేడుతో, ముందు ఒక మూల చూసి తీయమనండి. బాల్కనీ తలుపులకి వాడే టఫెన్డ్ (గట్టిపరిచిన) గ్లాసు మీద తయారీలోనే సన్నటి రేణువులు అతుక్కుని ఉండొచ్చు, బ్లేడు వాటిని ఈడ్చుకుపోతే గీతలు పడతాయి, ఆ గీతలు ఇక పోవు.

ఇక ఊడదీయలేని అద్దాలు. మా హాల్లో మధ్యది కదలదు, దాని బయటివైపు మేం చేరినప్పటి సిమెంటు మరకలతోనే ఉంది. ‘పక్క కిటికీలోంచి దిగి ఛజ్జా మీద నిలబడి చేసేస్తా మేడం, అలవాటే’ అన్నాడు, పైన ఇంకో రెండొందలు ఇమ్మని. ఒప్పుకోలేదు. మనది తొమ్మిదో అంతస్తు, ఆ ఛజ్జా, అంటే సన్‌షేడు, రెండడుగులు లేదు, దాని మీద పావురాల రెట్ట. ఈ విషయంలో నేను మొండిదాన్నే, మీరూ మొండిగానే ఉండండి. వాళ్లు అలవాటే అంటారు, మనం వద్దనాలి. బయటివైపు కావాలంటే తాళ్ల మీద దిగేవాళ్లని పిలవాలి, అదీ రెండు తాళ్లు, ఒకటి పనికి, ఒకటి ప్రాణానికి, రెండూ టెర్రస్ మీద గట్టి కాంక్రీటుకి వేర్వేరుగా కట్టినవి, నీళ్ల పైపుకో ఏసీ స్టాండుకో కాదు. బెల్టు నడుముకి మాత్రమే ఉంటే చాలదు, ఒళ్లంతా పట్టే హార్నెస్ ఉండాలి, దాని మీద ఐఎస్ 3521 అని ఉందేమో చూడండి. అడిగితే విసుక్కునే ఏజెన్సీ అయితే వదిలేయండి.

బేరం అద్దానికి కాకుండా కిటికీకి ఆడుకోండి, జాలీ, ట్రాకు, గ్రిల్లు అన్నీ కలిపి అని ముందే చెప్పండి. దసరా, దీపావళి ముందు వారం అందరికీ ఒకేసారి గుర్తొస్తుంది, రేటూ పెరుగుతుంది, పనీ పైపైన చేస్తారు. వానలు తగ్గాక, పండగల హడావుడి అయిపోయాక పిలిస్తే నిదానంగా చేస్తారు.

తాళ్లవాళ్లని ఒక్క ఫ్లాటుకి పిలిస్తే తడిసి మోపెడవుతుంది, టవర్ మొత్తానికి కలిపి పిలిస్తే తలా కొంత పడుతుంది. అదే మాట అసోసియేషన్ మీటింగులో పెట్టాను. అందరూ బాగుందన్నారు, విజిటర్ పార్కింగ్ గొడవ తేలాక చూద్దామన్నారు. ఆ గొడవ మేం రాకముందు నుంచీ ఉంది.