తలనొప్పి సంగతి బావమరిదికి చెప్పలేదు

నేపాల్ కొండల్లోని యాక్ ఖర్కా అనే చోట ఆ రాత్రి నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పదకొండు దాటింది. తల పగిలిపోతోంది. పక్క మంచం మీద బావమరిది గురక పెడుతున్నాడు. చప్పుడు కాకుండా బ్యాగ్ జిప్పు లాగి, చీకట్లోనే తడుముకుని ఒక పారాసెటమాల్ వేసుకుని, ఖాళీ స్ట్రిప్పును సాక్సులో దాచేశాను. నలభై ఆరేళ్ల మనిషిని, తప్పు చేసిన పిల్లాడిలా. అప్పుడు మేం దాదాపు 4,050 మీటర్ల ఎత్తులో ఉన్నాం.

మేం వెళ్లింది నేపాల్లోని అన్నపూర్ణ సర్క్యూట్‌కి. మనాంగ్ మీదుగా పైకి వెళ్లి, 5,416 మీటర్ల ఎత్తున్న తొరంగ్ లా దాటి, అవతల ముక్తినాథ్‌లో దిగాలి. 'లా' అంటే కనుమ. బావమరిదికి ముప్పై ఏళ్లు, రోజూ పరిగెత్తే రకం. వాడి ముందు బావ ఆయాసపడి ఆగిపోయాడంటే ఆ కథ అత్తారింట్లో పదేళ్లు నడుస్తుంది. నేను ట్రెక్కింగ్‌కి సిద్ధమైనదంతా కాళ్లకీ ఊపిరికీ. దీనికి మాత్రం సిద్ధం కాలేదు.

కాగితాల పని సులువుగానే అయింది. విమానంలో వెళ్లే మనవాళ్లకి పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ చాలు, వీసా అక్కర్లేదు. అన్నపూర్ణ పర్మిట్ సార్క్ దేశాల వాళ్లకి 1,000 నేపాలీ రూపాయలు. మన ఒక రూపాయికి అక్కడ 1.60, కాబట్టి మన డబ్బులో 625. ట్రెక్కింగ్ చేసేవాళ్ల వివరాలు నమోదు చేసే టిమ్స్ కార్డు కూడా అంతే. 2023 ఏప్రిల్ నుంచి గైడ్ ఉండాలన్న నిబంధన తెచ్చారు. మొదట నాకది దండగ ఖర్చు అనిపించింది. ఆ మాట మళ్లీ ఎప్పుడూ అనను.

ఇన్సూరెన్స్ దగ్గర మాత్రం అదృష్టం బాగుంది. విమానం టికెట్టుతో పాటు ఒక్క టిక్కు పెడితే వచ్చే పాలసీ ఉంటుంది కదా, అదే తీసుకున్నాను. ఒక ఆదివారం ఏమీ తోచక షరతులు చదువుతుంటే, ఫలానా ఎత్తు దాటిన ట్రెక్కింగ్‌కి వర్తించదని చిన్న అక్షరాల్లో ఉంది. అసలు ప్రమాదం మొదలయ్యే చోటే పాలసీ ఆగిపోతుందన్నమాట! 6,000 మీటర్ల వరకూ, హెలికాప్టర్‌తో సహా ఇచ్చేది వెతికి తీసుకున్నాం.

కాఠ్మాండూ నుంచి బేసీసహర్‌కి పగటి బస్సులోనే వెళ్లాం. గైడ్ దాయి పెట్టిన మొదటి షరతు అదే. 'దాయి' అంటే వాళ్ల భాషలో అన్నయ్య. వయసులో నాకంటే చిన్నవాడైనా అందరూ అలాగే పిలుస్తుంటే నేనూ అలాగే పిలిచాను. 2024 జూలైలో నారాయణగఢ్–ముగ్లింగ్ రోడ్డులో కొండచరియలు పడి రెండు బస్సులు త్రిశూలి నదిలో కొట్టుకుపోయాయి. అది తెల్లవారకముందు జరిగింది. రాత్రి ప్రయాణంలో పైనుంచి ఏం జారుతోందో డ్రైవర్‌కి కూడా కనబడదు.

నిజం చెప్పాలంటే మొత్తం ట్రిప్పులో నాకు ఎక్కువ భయం వేసింది కనుమ దగ్గర కాదు, బేసీసహర్ నుంచి చామె వెళ్లే జీపులో. కొండని తొలిచిన దారి, ఒక పక్క గోడలా రాయి, ఇంకో పక్క ఎక్కడో అడుగున మర్స్యాంగ్దీ నది. దారిలో ఒకచోట చరియ విరిగి పడింది. జేసీబీ వచ్చి తీసేసరికి సాయంత్రమైంది. ఆ రాత్రి తాల్‌లో ఆగిపోయాం, చామె చేరేసరికి మర్నాడు మధ్యాహ్నం. అలా మా ప్లాన్‌లో ఒక రోజు పోయింది. అసలు కథ అక్కడే మొదలైంది.

ఎందుకంటే మా షెడ్యూల్లో మనాంగ్‌లో రెండు రాత్రులు ఉన్నాయి. మనాంగ్ 3,540 మీటర్లు. 3,000 దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు ఎక్కకుండా ఆగాలి. ట్రెక్కింగ్ చేసేవాళ్లందరికీ కంఠతా వచ్చిన లెక్క ఇది. నాకూ వచ్చు. కానీ తిరుగు టికెట్టు తేదీ ఇంకా బాగా గుర్తుంది. "మనాంగ్‌లో రెస్ట్ డే తీసేద్దాం దాయీ, మాకు బాగానే ఉంది" అన్నాను. దాయి ఒప్పుకోలేదు. నేను పట్టుబట్టాను. చివరికి, "యాక్ ఖర్కా దాకా చూద్దాం. అక్కడ ఏమాత్రం తేడా వచ్చినా నేను చెప్పినట్టే" అన్నాడు.

మనాంగ్‌లో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వాళ్ల క్లినిక్ ఉంది. 1973 నుంచి పనిచేస్తున్న సంస్థ. సీజన్లో రోజూ మధ్యాహ్నం అక్కడి డాక్టర్లు ఎత్తు జబ్బు గురించి చెబుతారు. మేం చేరేసరికి అది మొదలవబోతోంది. నేను బేకరీలో ఆపిల్ పై తింటూ కూర్చున్నాను. తెలిసిన విషయమే కదా అనుకున్నాను.

దాయి రోజూ సాయంత్రం మూడు ప్రశ్నలు అడిగేవాడు. తలనొప్పి ఉందా? తిండి సహిస్తోందా? రాత్రి నిద్ర పట్టిందా? యాక్ ఖర్కాలో అడిగినప్పుడు తల అప్పటికే బరువెక్కింది. బావమరిది నా వైపే చూస్తున్నాడు. "అంతా ఠీక్" అన్నాను.

తెల్లారి నా ముందు పెట్టిన జావ అలాగే ఉండిపోయింది. లాడ్జి వెనక్కి వెళ్లి కక్కుకుని, మొహం కడుక్కుని ఏమీ ఎరగనట్టు వచ్చి సాక్సులు తొడుక్కోబోతే, మాత్రల స్ట్రిప్పు నేల మీద పడింది. బావమరిది తీసి చూశాడు. "బావగారూ, ఇది ఎప్పుడేసుకున్నారు?"

ఇంక దాచడానికి ఏమీ లేదు. దాయి కోప్పడలేదు. వాకిట్లో పరిచిన రాళ్ల అంచు చూపించి, ఒక పాదం మడమకి ఇంకో పాదం వేళ్లు తగిలేలా నడవమన్నాడు. తూలకుండా నడిచాను. తూలితే మెదడు వాచిందని అనుమానించాలి, అప్పుడు ఒక్క నిమిషం కూడా ఆగకూడదట. "అంతదాకా రాలేదు. కానీ పైకి పోయేది లేదు, ఇప్పుడే కిందికి" అన్నాడు.

ఈలోగా లాడ్జిలో ఉన్న ఇంకెవరో వచ్చి, "ఇన్సూరెన్స్ ఉందిగా, హెలికాప్టర్ పిలిపిస్తాను, మీకు పైసా ఖర్చుండదు" అన్నాడు. నీరసంలో ఆ మాట తియ్యగా వినబడింది. అవసరం లేకున్నా హెలికాప్టర్ ఎక్కించి ఇన్సూరెన్స్ బిల్లులు లాగే దందా మీద 2018లో నేపాల్ ప్రభుత్వమే విచారణ చేయించింది. ఆ వార్త చదివిన నాక్కూడా ఆ క్షణంలో సరే అనాలనిపించింది. దాయి అడ్డుపడ్డాడు. "నడవగలిగినంతసేపు నడిచే దిగాలి. నడవలేనప్పుడు నేనే పిలుస్తాను." నా బ్యాగ్ కూడా వాడే తగిలించుకున్నాడు.

దిగుతుంటే కంచర గాడిదల గుంపు ఎదురొచ్చింది. నేను మత్తుగా లోయ వైపు తప్పుకోబోతే బావమరిది చెయ్యి పట్టి కొండ వైపుకి లాగాడు. అవి మనల్ని చూసి తప్పుకోవు. వీపు మీది సంచి తగిలిందంటే చాలు, అంచున నిలబడ్డవాడు అటే పోతాడు. వేలాడే వంతెన మీద కూడా అంతే, అవి దాటేదాకా ఈ ఒడ్డున ఆగాల్సిందే. మొదటి రోజే నేర్పిన సంగతి ఇది. తల బాగోనప్పుడు నేర్చుకున్నవే ముందు మర్చిపోతాం.

మనాంగ్ చేరేసరికి నొప్పి సగం తగ్గింది. క్లినిక్‌లో వేలికి క్లిప్ పెడితే ఆక్సిజన్ 81 చూపించింది. లేడీ డాక్టర్ ఊపిరితిత్తులు విని, అక్కడ నీరు చేరలేదని చెప్పి, సల్ఫా మందులు పడతాయా అని అడిగి, శరీరం ఎత్తుకి అలవాటుపడటానికి వేసుకునే డయామాక్స్ ఇచ్చారు. రెండు రాత్రులు అక్కడే ఉండమన్నారు. ఆ మాత్ర వేసుకుంటే వేళ్లు జివ్వుమంటాయి, గంటకోసారి బయటికి పరిగెత్తాలి. తర్వాత అడిగారు: "రాత్రి ఎన్నింటికి మొదలైంది? అప్పుడు ఎవరికి చెప్పారు?" నేను బావమరిది వైపు చూడలేదు.

లాడ్జికి వచ్చాక వాడే కదిపాడు. "బావగారూ, నాకు కూడా రెండు రాత్రుల నుంచి నిద్రలో ఊపిరి ఆగిపోయినట్టయి లేచి కూర్చుంటున్నాను. మీరు ఏమనుకుంటారోనని చెప్పలేదు." గురక అని నేను విన్నది అదన్నమాట. ఆ ఎత్తులో చాలామందికి అలా అవుతుందని, అదొక్కటే అయితే కంగారు పడక్కర్లేదని మర్నాడు క్లినిక్‌లో చెప్పారు. అయినా, ఒకే గదిలో ఇద్దరం ఒకళ్లకొకళ్లం నటించుకుంటూ కూర్చున్నాం!

ఈసారి ఆ మధ్యాహ్నం క్లాసుకి మొదటి వరసలో కూర్చున్నాను. పై ఎత్తుల్లో కూడా గాలిలో ఆక్సిజన్ పాళ్లు 21 శాతమే, కానీ పీడనం పడిపోతుంది. కనుమ మీద సముద్రమట్టంతో పోలిస్తే సగానికి కాస్త అటూఇటూగా ఉంటుంది. తలనొప్పి వస్తే ఇంకో కారణం తేలేదాకా అది ఎత్తు వల్లే అనుకోవాలి. అది ఉండగా పైకి వెళ్లి నిద్రపోకూడదు. ముదిరితే, అర్ధరాత్రైనా సరే దిగాలి. కూర్చున్నా ఆయాసం వస్తుంటే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోందేమో చూడాలి. ఇందులో నాకు తెలియని ముక్క ఒక్కటీ లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఆ రెండు రోజుల్లో దాయి 2014 సంగతి చెప్పాడు. అక్టోబరు 12న విశాఖని ఊడ్చేసిన హుద్‌హుద్ మనందరికీ గుర్తే. దాని తోక 14వ తేదీకల్లా ఇక్కడ మంచు తుఫానై తొరంగ్ లా మీద, చుట్టుపక్కల కొండల్లో 40 మందికి పైగా ప్రాణాలు తీసింది. సీజన్ మంచి ఊపులో ఉన్న రోజులు, పొద్దున్నే బయల్దేరినవాళ్లు మంచులో దారి తెలియక చిక్కుకుపోయారు. బంగాళాఖాతానికీ ఈ కొండలకీ సంబంధం ఉంటుందని నాకు ఎప్పుడూ తట్టలేదు. అప్పటి నుంచి వైఫై దొరికిన చోటల్లా బావమరిది అల్పపీడనం వార్తలు చూస్తూనే ఉన్నాడు. ఇంట్లోవాళ్లు మాత్రం మేం మన ఊరి వాతావరణం గురించి ఎందుకడుగుతున్నామో అర్థంకాక తికమకపడ్డారు.

మూడో రోజు ఆక్సిజన్ 89. టికెట్టు తేదీ మార్చుకున్నాం, దానికి కొంత డబ్బు వదిలింది. మళ్లీ యాక్ ఖర్కా, తర్వాత తొరంగ్ ఫేదీ. ఫేదీకి ముందు రాళ్లు దొర్లే చోటొకటి ఉంది. బోర్డు కూడా పెట్టారు. అక్కడ ఫొటోలకి ఆగకుండా, పైకి చూసుకుంటూ ఒక్కొక్కరం గబగబా దాటాం. పైనున్న హై క్యాంప్‌లో పడుకుంటే మర్నాడు నడక తగ్గుతుంది. మేం కిందే పడుకున్నాం.

తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం, పొద్దెక్కాక అక్కడ గాలి నిలబడనివ్వదు. సీసాలు తలకిందులుగా పెట్టుకున్నాం, నీరు పైనుంచి గడ్డకడుతుంది కాబట్టి మూత వైపు తాగడానికి మిగులుతుంది. బావమరిది గొప్పగా తెచ్చుకున్న గొట్టం బ్యాగులో నీళ్లు మాత్రం గంటలో బిగుసుకుపోయాయి. నాకు కొంచెం సంతోషం కలిగిందని ఒప్పుకుంటున్నాను. "బిస్తారై, బిస్తారై" అంటూ దాయి ముందు నడిచాడు. నెమ్మదిగా అని. అరగంటకోసారి ఆగి మూడు ప్రశ్నలు. ఇద్దరం నిజమే చెప్పాం. "కొంచెం ఉంది, పెరగలేదు." తొమ్మిదికి కనుమ మీది జెండాల దగ్గరకి చేరాం. పది నిమిషాలు ఉన్నామేమో. అక్కణ్ణుంచి 1,600 మీటర్ల దిగుడు. కర్రలు లేకపోతే మోకాళ్లు మిగిలేవి కావు.

సాయంత్రం ముక్తినాథ్ దగ్గర రాణీపౌవాలో టీ తాగుతుంటే పక్క బల్ల మీద తెలుగు వినబడింది. యాత్రకి వచ్చిన కుటుంబం. పొద్దున పోఖరాలో జీపెక్కి సాయంత్రానికి ఇక్కడ దిగారు. సుమారు 800 మీటర్ల నుంచి ఒక్క రోజులో 3,700కి. రేపు 108 ధారల కింద స్నానం, దర్శనం. మిగతావాళ్లు గదులు చూడటానికి వెళితే ఒక పెద్దావిడ కొంగు తలకి బిగించి కట్టుకుని కూర్చుంది.

"తలనొప్పా పెద్దమ్మా?"

"కాస్త. తిన్నది కూడా ఇమడలేదు. మావాడికి చెప్పకు బాబూ, కంగారు పడి దర్శనం కాకుండానే దించేస్తాడు."

నేను దాయి వైపు చూశాను. భాష రాకపోయినా ఆ కొంగు చూసి విషయం అర్థమైంది వాడికి. లేచి వెళ్లి వాళ్లబ్బాయిని వెతికి చెప్పాను. జోమ్‌సోమ్ వెయ్యి మీటర్లు కింద ఉంది, రాత్రికి అక్కడ పడుకోబెట్టి, తగ్గితే రేపు మళ్లీ తీసుకురావచ్చని దాయి హిందీలో వివరించాడు. అరగంటలో జీపు మాట్లాడారు.

ఎక్కేటప్పుడు ఆవిడ నా వైపు తిరిగింది. "నీకు చెప్పడం నాదీ బుద్ధితక్కువ," అని విసురుగా తలుపు వేసుకుంది.