చేతిలో డబ్బు ఆడని రోజుల్లో విశాఖలో ఏ వ్యాపారం పెట్టొచ్చు?

మార్కెట్ చల్లబడినప్పుడు జనం ఖర్చు మానేయరు, ఒక మెట్టు దిగుతారు. కొత్త ఏసీ కొందామనుకున్నవాళ్లు పాతదానికే మరమ్మతు చేయిస్తారు. ఆదివారం హోటల్‌కు వెళ్లే కుటుంబం రొయ్యలు తెచ్చుకుని ఇంట్లోనే వండుకుంటుంది. కొత్త షాఫ్ట్ ఆర్డరిచ్చే ఫ్యాక్టరీ అరిగినదాన్నే వెల్డింగ్‌తో నింపించి లేత్ మీద పట్టిస్తుంది. కొత్తగా వ్యాపారం వెతికేవాళ్లు ఆ కింది మెట్టు మీద కన్నేయాలి. దాంతోపాటు అమ్ముడుపోక సరుకు ఎక్కడ పేరుకుంటోందో కూడా చూడాలి. ఈ రెండూ ఒకేచోట కలిస్తే అంతకంటే మంచి బేరం ఉండదు. మన తీరంలో అలా కలిసింది రొయ్య దగ్గర.

2025 ఆగస్టు చివర్లో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. ఆంధ్రా చెరువుల్లో పెంచే వెనామీ రకం రొయ్యకు పెద్ద గిరాకీ అక్కడే కాబట్టి దెబ్బ నేరుగా చెరువు గట్టు మీద పడింది. ఎగుమతి నెమ్మదించిన ప్రతిసారీ గట్టు ధర పడుతుంది. అయినా మధురవాడలో అపార్ట్‌మెంట్ ఏడో అంతస్తులో ఉన్నవాళ్లకు ఒలిచి, నల్లనరం తీసి, కడిగిన పావుకిలో రొయ్య ఆ మేరకు చవగ్గా దొరకదు. గట్టుకీ పొయ్యికీ మధ్య ఉన్న ఆ ఎడమే ఇక్కడ వ్యాపారం.

ముందు కౌంట్ సంగతి. కిలోకి ఎన్ని తూగితే అది అంత కౌంట్. ఇళ్లకు 50 నుంచి 70 కౌంట్ సరిగ్గా సరిపోతుంది. 30 కౌంట్ ధర ఇళ్లవాళ్లకు అందదు. 100 కౌంట్ చవగ్గా కనబడుతుంది గానీ 50 కౌంట్‌తో పోలిస్తే కిలోకి రెట్టింపు రొయ్యలు ఒలవాలి, లాభం కాస్తా ఒలుపుకూలికే పోతుంది.

కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది లెక్క దగ్గరే. కిలో 320 అనుకుందాం. పావుకిలో 80 పడిందని, 150కి అమ్మితే మిగులుతుందని లెక్కేస్తారు. తల, పొట్టు, తోక పోగా కిలోకి చేతికొచ్చేది దాదాపు అరకిలో. 10 కిలోలు కొంటే 3200 రూపాయలు, పావుకిలో ప్యాకెట్లు వచ్చేది 20. అంటే ప్యాకెట్‌కు సరుకు ఖరీదే 160. ఒలుపు కిలోకి 40 చొప్పున 400, ఐసు 100, కవర్లు, లేబుళ్లు 100, ఇంటింటికీ చేర్చడానికి 400 వేసుకోండి. మొత్తం 4200, ప్యాకెట్‌కు 210. రెండు ప్యాకెట్లు అమ్ముడుపోలేదంటే అది 233కి చేరుతుంది. 260కి 18 అమ్మితే మిగిలేది 480 రూపాయలు. ఆ రోజు ధరలు పెట్టి ఇదే లెక్క మళ్లీ వేసుకోండి. ఆ రెండు ప్యాకెట్లను మాత్రం లెక్కలోంచి తీసేయొద్దు.

10 కిలోల కోసం కాకినాడ జిల్లా చెరువుల దాకా బండి కడితే డీజిలు ఖర్చే నష్టం తెస్తుంది. మొదట ఫిషింగ్ హార్బర్ దగ్గరో, పూర్ణా మార్కెట్లోనో కొని గిరాకీ ఎంతుందో చూసుకోండి. వారానికి 100 కిలోలు దాటాక గట్టు బేరం మాట్లాడుకోవచ్చు. ఊరంతా తిరగాలని చూడకుండా పక్కపక్కనున్న మూడు, నాలుగు అపార్ట్‌మెంట్లు పట్టుకోండి. శనివారం సాయంత్రం ఆరింటికి వాట్సాప్‌లో ఆర్డర్లు ఆపేసి, డబ్బు ముందే వేయించుకుని, ఆదివారం తెల్లవారుజామున అంతే కొనండి.

చెడగొట్టేది ఐసు దగ్గర పిసినారితనం. కిలో రొయ్యకు కిలో ఐసు, మే నెలలో కిలోన్నర. థర్మాకోల్ పెట్టె అడుగున రెండంగుళాల ఐసు, పైన నాలుగంగుళాలకు మించకుండా రొయ్య, మళ్లీ ఐసు. కరిగిన నీరు పోవడానికి అడుగున చిల్లు ఉండాలి. ఆ నీట్లోనే నానితే రుచి దిగిపోయి వాసన మొదలవుతుంది. జీర్ణరసాలుండేది తలలో, కుళ్లు మొదలయ్యేదీ అక్కడే, అందుకే తలలు ముందు తీసేయాలి. పెంకు మీద నల్లమచ్చలు గాలి తగిలి వచ్చేవి. మచ్చ ఉన్నంత మాత్రాన రొయ్య కుళ్లినట్టు కాదు గానీ కొనేవాళ్లు చూడగానే వెనక్కిచ్చేస్తారు. కడిగాక పది నిమిషాలు జల్లెడలో ఓడ్చి అప్పుడు తూకం వేయండి. నీళ్లు తూచి అమ్మితే మూకుడులో బయటపడుతుంది. మిగిలినదాన్ని ఫ్రీజర్లో పెట్టి మర్నాటి తాజా సరుకులో కలపడం నా దృష్టిలో ఈ వ్యాపారానికి ఉరి. ప్యాకెట్ మీద బరువు, ప్యాక్ చేసిన తేదీ, ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరు ఉండాలి.

కార్తీక మాసంలో గిరాకీ బాగా పడిపోతుంది, ఆ నెల జీతాలకు ముందే డబ్బు పక్కన పెట్టుకోవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, వేట నిషేధమున్న 61 రోజులూ సముద్రపు చేప తగ్గిపోతుంది కాబట్టి చెరువు రొయ్యకు అదే అదను.

ఏసీ మరమ్మతులోనూ చోటుంది. పెదవాల్తేరు, లాసన్స్ బే లాంటి చోట్ల ఉప్పుగాలికి బయటి యూనిట్ రేకులు పొడిపొడిగా రాలిపోతాయి. లీకు పట్టకుండా గ్యాస్ నింపితే కొద్ది వారాలకే మళ్లీ ఫోన్ వస్తుంది, రెండోసారి వెళ్లిన ఖర్చు మీదే. నైట్రోజన్ ఎక్కించి సబ్బునీళ్లతో లీకు వెతకండి. ఆక్సిజన్‌తో ఎప్పుడూ చేయొద్దు, లోపలి నూనెతో కలిస్తే పేలుతుంది. ఏసీల్లో వాడే ఆర్-32 గ్యాస్‌కు నిప్పంటుకుంటుంది, దాన్ని పూర్తిగా తీశాకే గొట్టాలతికే బ్రేజింగ్ టార్చ్ ముట్టుకోవాలి. ఏడాది కాంట్రాక్టులు ఫిబ్రవరిలోనే మాట్లాడుకోండి, ఎండలు ముదిరాక బేరమాడే తీరిక ఎవరికీ ఉండదు.

గాజువాక ఆటోనగర్‌లో అరిగిన భాగాలు నింపి పట్టే పనికి ఇలాంటి రోజుల్లో గిరాకీ ఉంటుంది. ప్రమాదమల్లా అరువులో ఉంది. పని దొరికిందన్న సంతోషంలో మూడు నెలల అరువుకు ఒప్పుకుంటే వెల్డింగ్ రాడ్లకూ కరెంటు బిల్లుకూ డబ్బుండదు. చిన్న పరిశ్రమలకు ప్రభుత్వమిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ముందే చేయించుకోండి. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం మీకు డబ్బు చెల్లించే గడువు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ అడగొచ్చు. అందుకే డెలివరీ చలానా మీద అందుకున్నవాళ్ల సంతకం, కింద తేదీ తప్పకుండా వేయించుకోండి. ఆ తేదీ లేకపోతే గడువు ఏ రోజు మొదలైందో రుజువు చేయలేరు.