తెల్లవారుజామున స్టార్ట్ కాని మా పికప్: నా అనుభవం

మాది మదనపల్లె దగ్గర పల్లె. చుట్టుపక్కల రైతుల టమోటా ట్రేలు ఎత్తుకుని తెల్లారకముందే మార్కెట్ యార్డుకు చేర్చడం నా పని. ఉన్నది ఒక్కటే బండి, కామన్ రైల్ డీజిల్ పికప్. పోయిన డిసెంబరులో అది పొద్దున్నే మొరాయించడం మొదలుపెట్టింది.

నాలుగున్నరకు తాళం తిప్పితే సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది, ఇంజిన్ అందుకోదు. పది సెకన్లు కొట్టి, ఆపి, నిమిషం ఆగి మళ్లీ పది సెకన్లు. అలా ఆగకపోతే సెల్ఫ్ మోటారు కాలిపోతుంది. మూడోసారికో నాలుగోసారికో దడదడా ఊగుతూ, తెల్లపొగ గుప్పున వదిలి అందుకునేది. ఒకసారి అందుకుందంటే ఇక రోజంతా ఏ పేచీ లేదు. మార్కెట్లో ట్రేలు దించి తాళం తిప్పితే అర చుట్టుకే స్టార్ట్. కానీ పొద్దున ఆ పావుగంట నాకు నరకంలా ఉండేది. వేలం వేళకు సరుకు చేరకపోతే నన్ను నమ్మి ట్రేలు ఎక్కించిన రైతుకు ధర పోతుంది. ఆ టెన్షన్‌తో రాత్రి నిద్ర కూడా సరిగ్గా పట్టేది కాదు.

మొదట బ్యాటరీ మీద అనుమానం వచ్చింది. మల్టీమీటర్ పెడితే పొద్దున 12.6 వోల్టులు. సెల్ఫ్ కొట్టేటప్పుడు 10.4కు పడింది. 9.6 కంటే కిందికి పోతేనే బ్యాటరీని అనుమానించాలి. ఎర్త్ కేబుల్ బోల్టు విప్పి తుప్పు గీకి బిగించాను. సెల్ఫ్ ఇంకొంచెం చురుగ్గా తిరిగింది, అంతే.

తర్వాత హీటర్ ప్లగ్గులు. డీజిల్ ఇంజిన్‌కు పెట్రోల్ బండిలోలా స్పార్క్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. చలికి ఇంజిన్ చల్లబడి ఉన్నప్పుడు ఆ వేడి చాలదు కాబట్టి ఈ ప్లగ్గులు సాయం చేస్తాయి. వైరు తీసి ఒక్కోదాన్నీ కొలిచాను. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మామూలు మీటర్ల వైర్లకే కొంత రెసిస్టెన్స్ ఉంటుంది. ముందు రెండు మొనలూ ఒకదానికొకటి ఆనించి చూస్తే నాది 0.4 చూపించింది. అది తీసేస్తే మూడు ప్లగ్గులు ఒక ఓమ్‌కు అటూ ఇటూ ఉన్నాయి. మూడో సిలిండర్‌దానికి మాత్రం మీటరు అసలు కదల్లేదు, లోపల తీగ తెగిపోయింది. దొరికింది అనుకుని నాలుగూ మార్పించాను. మర్నాడు స్టార్ట్ అయ్యాక ఊగడం తగ్గింది, తెల్లపొగ తగ్గింది. సెల్ఫ్ కొట్టే సమయం మాత్రం అలాగే ఉంది.

అప్పుడు నాకు మనసు కుంగిపోయింది. గ్యారేజీలో స్కానర్ పెడితే లోపం చూపించే కోడ్ ఏమీ లేదు. బండిని రాత్రంతా అక్కడే ఉంచి పొద్దున మళ్లీ చూశారు. సెల్ఫ్ తిరుగుతుంటే రైల్ ప్రెషర్ (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లకు దాన్ని అందించే పైపులోని ఒత్తిడి) 40, 70, 110 అంటూ నత్తనడక నడిచి, 250 బార్ దాటాకే ఇంజిన్ అందుకుంది. "ఇంజెక్టర్లు లీకవుతున్నాయన్నా, లేదంటే డీజిల్ పంపు పోయింది" అన్నాడు మెకానిక్. రెండింట్లో ఏది చేయించాలన్నా నా రెండు నెలల సంపాదన. ఇంకొకరు స్టార్టింగ్ స్ప్రే, అంటే ఇంజిన్ పీల్చే గాలిలోకి కొట్టే, ఇట్టే అంటుకునే మందు, కొట్టుకోమన్నారు. హీటర్ ప్లగ్గులున్న ఇంజిన్‌లోకి దాన్ని కొడితే ఆ వేడికి అంటుకోకూడని సమయంలో అంటుకుని ఇంజిన్ పగిలిపోవచ్చు. ఆ పని చేయలేదు, ఎవరూ చేయొద్దు.

ఊళ్లో డీజిల్ పంపుల పని చేసే ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన బానెట్ ఎత్తమనలేదు, ప్రశ్నలే అడిగాడు.

"సెల్ఫ్ కొట్టేటప్పుడు పొగ వస్తుందా నాయనా?"

ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు. మర్నాడు మా తమ్ముణ్ని టార్చి ఇచ్చి సైలెన్సర్ దగ్గర నిలబెట్టాను. సెల్ఫ్ తిరిగినంతసేపూ పొగ చుక్క లేదు, అందుకునే ముందు మాత్రమే వచ్చింది. పొగ వస్తూ అందుకోకపోతే డీజిల్ లోపలికి పోతోంది, కాలడం లేదని అర్థం. పొగే లేకపోతే డీజిల్ అసలు అందడం లేదని అర్థం. నేను మార్చిన ప్లగ్గు కూడా చెడిపోయిందే, కానీ అసలు జబ్బు అది కాదు.

"పంపు అరిగిపోతే బండి వేడిమీద ఎక్కువ సతాయిస్తుంది. డీజిల్ వేడికి పలచబడి సందుల్లోంచి జారిపోతుంది కదా. నీది వేడిమీద బాగుంది, రాత్రి నిలబెడితేనే తంటా. డీజిల్ ఎక్కడో వెనక్కి, ట్యాంకులోకి దిగిపోతోంది" అన్నాడు. ఆ మాటతో నాకు ఒకటి తట్టింది. ట్యాంకు నిండా కొట్టించిన మర్నాడు బండి ఎప్పుడూ పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. మా వాకిలి వాలుగా ఉంటుంది, ముందు చక్రాలు ఎత్తులో ఉంటాయి. ట్యాంకులో పావు వంతే ఉన్న రాత్రుల తర్వాతే పొద్దున నన్ను ఏడిపించేది.

మర్నాడు తాళం తిప్పకముందే ఫిల్టర్ మీదున్న ప్రైమర్‌ను, అంటే చేత్తో నొక్కి డీజిల్ ఎక్కించే చిన్న పంపును, నొక్కి చూశాను. బిగువు లేదు, వేలి కింద మెత్తగా దిగిపోయింది. ఇరవైసార్లు నొక్కేసరికి రాయిలా బిగిసింది. తాళం తిప్పాను. అర చుట్టుకే స్టార్ట్! ఆ చలిలో, ఆ చీకట్లో ఎంత ఊరట కలిగిందో చెప్పలేను.

లైనులోకి గాలి దూరితేనే డీజిల్ వెనక్కి దిగుతుంది. ఇక ఆ గాలి ఎక్కడ దూరుతోందో పట్టుకోవాలి. మా బండిలో ట్యాంకు నుంచి డీజిల్‌ను పంపే లాగుకుంటుంది, వెనక నుంచి ఏదీ నెట్టదు. అందుకే పగులున్న చోట డీజిల్ కారదు, గాలి లోపలికి పోతుంది. కళ్లకు తడి కనిపించదు, నేను చాలాసార్లు వెతికి మోసపోయింది అక్కడే. ఫిల్టర్‌కూ పంపుకూ మధ్య పారదర్శకమైన డీజిల్ పైపు వేయించాడు పెద్దాయన. ఇంజిన్ నడుస్తుంటే ఆవగింజంత బుడగలు వరసగా పోతున్నాయి. తర్వాత ట్యాంకు లైను విప్పి, పక్కన డీజిల్ క్యాను పెట్టి, అందులోంచి నేరుగా ఫిల్టర్‌కు పైపు ఇచ్చాడు. బుడగలు ఆగలేదు. అంటే ట్యాంకు, కింది పైపులు నిర్దోషులు, గాలి ఫిల్టర్ దగ్గరే దూరుతోంది. ఇవన్నీ పంపు ముందరి లైనులోనే చేయాలి. పంపు తర్వాతి ఇనుప పైపుల్లో ప్రెషర్ వెయ్యి బార్లు దాటుతుంది. ఇంజిన్ నడుస్తుండగా వాటిని వదులు చేస్తే సన్నటి డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

ఫిల్టర్ కింద నీళ్లు వదిలే స్క్రూ విప్పాడు. దాని రబ్బరు ఓరింగ్‌ను అరచేతిలో పెట్టుకుని వెలుతురుకు చూపించాడు. ఒక పక్క నలిగి బల్లపరుపుగా అయింది, దాని మీద వెంట్రుకంత గాటు. నవంబరులో ఫిల్టర్ మార్పించినప్పుడు పాత రింగునే మళ్లీ వేసి బిగించారు. నేను పక్కనే ఉండి కూడా అడగలేదు. కొత్త రింగు ఇరవై రూపాయలు. దానికి కాస్త డీజిల్ రాసి వేసి, చేత్తో బిగించి, ప్రైమర్ బిగిసేదాకా నొక్కి గాలి తీశాడు. పైపులో బుడగ లేదు. కూలి ఎంతంటే మూడు వందలు తీసుకున్నాడు. ఇంకో వంద జేబులో పెడితే తీసి నా చేతిలోనే పెట్టాడు.

ఆ రాత్రి కావాలనే ట్యాంకు పావు వంతే ఉంచి, ముందు చక్రాలు ఎత్తున ఉండేలా వాకిట్లో నిలబెట్టాను. పొద్దున మంచు దట్టంగా ఉంది, అద్దం మీద నీళ్లు కారుతున్నాయి. హీటర్ లైటు ఆరేదాకా ఆగి తాళం తిప్పాను. టార్చి పట్టుకుని వెనక నిలబడ్డ తమ్ముడు పొగ చూసేలోపే ఇంజిన్ అందుకుంది. ఆ రోజు మేం యార్డులో ట్రేలు దించేసరికి వేలం ఇంకా మొదలుకాలేదు.