సోమశిల నీటికి ఎందరు వాటాదారులు!

ఎడగారు (రెండో) పంటకు ఎంత మేర నీరివ్వగలరో తేల్చే సాగునీటి సలహా మండలి సమావేశానికి కాలువ చివరి రైతులతో కలిసి వెళ్లి వచ్చాను. నెల్లూరు జిల్లాలో పెన్నా నదిపై ఉన్న సోమశిల జలాశయం సామర్థ్యం 78 టీఎంసీలు. పెన్నా డెల్టా, కావలి కాలువ ఆయకట్టులతో పాటు కండలేరు మీదుగా చెన్నైకి వెళ్లే నీరు కూడా దానిలో నుంచే రావాలి. 1983 నాటి తెలుగు గంగ ఒప్పందం ప్రకారం చెన్నైకి ఇవ్వవలసినది కృష్ణా జలమే గానీ, జలాశయంలో పెన్నా నీటితో కలిసిపోయాక ఎవరి వాటా ఏదో విడదీసి చూపడం ఎవరి తరం?

కాలువ నీటిని చూసుకునే లస్కరు ఇంటికి వెళ్లిన తరువాత ఎగువన కొందరు కాలువకు అడ్డంగా ఇసుక బస్తాలు వేసి నీటిని తమ తూములోకి మళ్లించుకోవడంతో, నిరుడు మా నారుమడి వారం తిరిగేలోగా నెర్రెలిచ్చింది. (వారిని పూర్తిగా తప్పుపట్టలేను, వారికీ అప్పులున్నాయి.) టీఎంసీల లెక్కల్లో ఇది కనిపించదు. అందుకే విడుదల చేసిన నీటితో పాటు చివరి తూముకు చేరిన నీటి లెక్కను కూడా వచ్చే సమావేశంలో చదివి వినిపించాలని కోరాము.