తీగ కింద కొబ్బరి చెట్టు

ఒహాయోలో కరెంటు లైన్ల పక్కనున్న చెట్లను పరిశీలించడం నా ఉద్యోగం. ఇళ్ల వెంబడి తిరుగుతూ ఏ కొమ్మ ఎటు పెరుగుతోంది, మళ్లీ నరికే వంతు వచ్చేలోపు తీగను అందుకుంటుందా అని చూసి రాసుకుంటాను.

ఇక్కడివాళ్లకు ఈ పని మీద ఇంత పట్టింపు ఎందుకో తెలియాలంటే 2003 ఆగస్టు 14 గుర్తుచేసుకోవాలి. ఆ మధ్యాహ్నం ఇదే రాష్ట్రంలో వేడికి కిందికి జారిన పెద్ద లైన్లు చెట్లకు తగిలి ఒకదాని వెనక ఒకటి ట్రిప్పయ్యాయి. సాయంత్రానికి అమెరికా, కెనడాల్లో దాదాపు 5 కోట్ల మందికి కరెంటు పోయింది. కంట్రోల్ రూమ్‌లో అలారాలు మోగకపోవడం లాంటి కారణాలు ఇంకా ఉన్నాయి గానీ, నరకకుండా వదిలేసిన చెట్లు వాటిలో ముఖ్యమైనవి.

పెరట్లో మేపుల్ చెట్టున్న ఇంటివాళ్లు చాలామంది "పైన మొత్తం కొట్టేయండి" అంటారు. అలా మోడు చేస్తే పక్కనుంచి గుబురుగా చిగుళ్లు లేచి, బలంలేని కొమ్మలై త్వరలోనే మళ్లీ తీగ దగ్గరికి వస్తాయి. అందుకని తీగవైపు వెళ్లే కొమ్మను మాత్రమే మొదలంటా, అది పుట్టిన చోటే కోయిస్తాం. చెట్టు తన పెరుగుదలను తీగ లేని పక్కకు తిప్పుకుంటుంది.

మా కోనసీమలో ఈ ఉపాయం పనికిరాదు. కొబ్బరికి కొమ్మలుండవు, ఉన్నది ఒక్క మొవ్వు. అది పోతే చెట్టే పోతుంది. రాజోలు దగ్గర మా బాబాయ్ వాళ్ల దొడ్డిలో ఒక చెట్టు మట్టలు లైను మీదికి వాలుతుంటాయి. గాలి వీస్తే నిప్పురవ్వలు.

"కొట్టించెయ్యి బాబాయ్" అన్నాను ఫోన్లో.

"కాపు మీదున్న చెట్టురా! నీకేం, అక్కడ కూర్చుని చెబుతావు" అన్నాడు.

ఆయన బాధ నాకు తెలుసు. 1996 నవంబరు తుపానుకు కూలిన తోటలను చూసిన మనిషికి నిలబడ్డ చెట్టు మీద మమకారం ఉంటుంది. అందుకే కొట్టమని పట్టుబట్టలేదు. తుపాన్ల కాలం రాకముందే కరెంటు సెక్షన్ ఆఫీసుకు చెప్పి, లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపి పని చేసేందుకు అనుమతి) తీసుకుని సరఫరా ఆపాకే తీగవైపు మట్టలు తీయించమన్నాను. చెట్టెక్కే దింపు మనిషిని "కొంచెం చూసుకుని కొట్టరా" అని తీగ పక్కకు పంపడం నాకు అసలు నచ్చదు. ఇనుప గెడ, అల్యూమినియం గెడ సంగతి చెప్పక్కర్లేదు, వానకు తడిసిన వెదురు గెడను కూడా నమ్మకూడదు. పచ్చి మట్ట కూడా కరెంటును మోస్తుంది. ఇక్కడ అమెరికాలో శిక్షణ లేనివాళ్లు 50 వేల వోల్టుల లోపు తీగలకైనా 10 అడుగుల దగ్గరికి పోకూడదు. చేతిలోని గెడ చివరను కూడా లెక్కలోకి తీసుకుంటారు. మన 11 వేల వోల్టుల లైను మనిషిని వదిలిపెడుతుందా?

అంతకన్నా ముఖ్యమైనది మొక్క పెట్టే రోజు. కొబ్బరి మట్ట 15 అడుగులు దాటుతుంది, చెట్టు గాలికి ఊగుతుంది. కాబట్టి లైనుకు కనీసం 25 అడుగులు వదలమంటాను. గంగాబొండం లాంటి పొట్టి రకమైనా ఏళ్లు గడిస్తే తీగ ఎత్తుకు వస్తుంది. వీధివైపు నిమ్మ, కరివేపాకు చాలు.

మొన్న బాబాయ్ వీడియో కాల్ చేసి కొత్త మొక్కలకు తీసిన గుంటలు చూపించాడు. రెండు బాగానే ఉన్నాయి. మూడోదాన్ని కాలవగట్టు వైపు జరపమన్నాను.