నెవ్ షపెల్‌లో మురుగు ఎటు పోతుంది?

వీడియో కాల్‌లో పొలాలు చూపించగానే అమ్మ అడిగిన మొదటి మాట: "ఇంత పల్లంగా ఉందేంట్రా, మురుగు ఎటు పోతుంది?" కోనసీమ మనిషి. ఫ్రాన్స్ చూపించినా ముందు కాలువే వెతుకుతుంది.

ఉత్తర ఫ్రాన్స్‌లోని లిల్ నగరం నుంచి కారులో ముప్పావుగంట లోపే నెవ్ షపెల్ అనే ఈ ఊరు. పేరుకి అర్థం కొత్త చర్చి. ఎర్ర ఇటుక ఇళ్ళు, చుట్టూ దుంప చేలు. మురుగు లే అనే చిన్న వాగులో పడి లీస్ నదికి పోతుంది. ఇళ్ళన్నీ ఒకే ఈడువిలా ఉంటాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఊరు నేలమట్టమైతే మళ్ళీ కట్టుకున్నారు.

అమ్మ అడిగిన ఆ నీరే 1915లో సైన్యాలనూ సతాయించింది. కాస్త లోతు తవ్వితే చాలు, ఊట. అందుకే కందకాలు వదిలేసి మట్టి బస్తాలతో గోడలు పేర్చుకున్నారు. తూర్పున ఓబెర్ మిట్ట. మిట్టంటే మా ఏటిగట్టుకి పెద్దన్న, అంతే. కానీ పైన నేల పొడి, కింద ఎవడు కదిలినా కనపడతాడు. అది జర్మన్ల చేతిలో ఉంది. మార్చి 10 ఉదయం ఏడున్నరకి బ్రిటిష్ ఫిరంగులు మొదలై 35 నిమిషాలు కాల్చాయి. ఊరు చిక్కింది. మిట్ట మాత్రం 13 దాకా పోరాడినా చిక్కలేదు. దాడికి వెళ్ళినవాళ్ళలో సుమారు సగం మంది మన దేశపు సైనికులే. గఢ్వాలీ కుర్రాడు గబ్బర్ సింగ్ నేగీకి బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ వచ్చింది, చనిపోయాక. పందొమ్మిదేళ్ళు.

ఊరి బయట నాలుగు రోడ్ల కూడలిలో మన సైనికుల కోసం 1927లో కట్టిన స్మారకం ఉంది. ఆర్కిటెక్ట్ హెర్బర్ట్ బేకర్ గీసింది. పొడవాటి స్తంభం, పైన తామర, అటూ ఇటూ పులులు, గోడ మీద 4,700 మందికి పైగా పేర్లు. 'దేవుడు ఒక్కడే, విజయం ఆయనదే' అని నాలుగు లిపుల్లో చెక్కారు. తెలుగు లేదు. తెలిసి కూడా రెండుసార్లు చుట్టూ తిరిగి చూశాను.

దగ్గర్లోనే పోర్చుగీసు సైనికుల శ్మశానం, 1,800కు పైగా సమాధులు. 1918లో ఈ వైపు కాపలా వాళ్ళది. అప్పుడు ఇక్కడొక క్రీస్తు విగ్రహం ఉండేది. గుండ్లకి కాళ్ళు, ఒక చెయ్యి పోయినా శిలువ మీద అలాగే నిలిచిందట. 1958లో పోర్చుగల్‌కి ఇచ్చేశారు. ఇప్పుడది బతాల్యా మఠంలో, పేరు తెలియని సైనికుల సమాధి దగ్గర ఉంది.

నేనైతే ఇచ్చేవాణ్ణి కాదు.