మందు దిగితే సర్దుకుంటుందన్నారు

పబ్బులో తలకు దెబ్బ తగిలి ఆపరేషన్ అయినప్పటి నుంచి వేసుకుంటున్న ఫిట్స్ మాత్రలు ఇక ఆపేయొచ్చని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట విన్నాకే ఇది రాయడానికి కూర్చున్నాను. ఇంతకుముందు ఎప్పుడు మొదలుపెట్టినా మా ఆవిడ "ఇప్పుడొద్దండీ, ఆ రాత్రిని మళ్ళీ నెత్తికెత్తుకోకండి" అని ల్యాప్‌టాప్ మూసేసేది. ఇప్పుడు తనే పక్కన కూర్చుని, నాకు గుర్తులేనివన్నీ అందిస్తోంది.

నేను కీబోర్డు వాయిస్తాను. తెనాలి నుంచి హైదరాబాద్ వచ్చిన కొత్తలో పెళ్ళిళ్ళకు ఆర్కెస్ట్రా, ఆ తర్వాత పబ్బుల్లో బ్యాండ్. మా చుట్టాల్లో ఒకాయన ఆసుపత్రికి వచ్చి, నా మంచం పక్కనే నిలబడి, "పబ్బుల్లో వాయించేవాడికి ఇలా కాక ఇంకెలా అవుతుంది" అన్నాడు. అప్పుడు నాకు నోరు పెగల్లేదు. ఇప్పుడు చెబుతున్నాను. పబ్బు నేను పనిచేసే చోటు. ఫ్యాక్టరీలో ఒకడి చెయ్యి మిషన్‌లో పడితే, ఫ్యాక్టరీకి ఎందుకెళ్ళావని ఎవరూ అడగరు.

ఒకప్పుడు పబ్బుల్లో గొడవల్లేవని అనను. తాగిన చోట మాటామాటా పెరగడం ఎప్పుడూ ఉంది. కానీ బేగంపేటలో 10 డౌనింగ్ స్ట్రీట్ అనే పబ్బు రాక్ నైట్లకు పేరుపడ్డ రోజుల్లో ఊళ్ళో జనం బ్యాండ్ వినడానికే పబ్బుకు వచ్చేవాళ్ళు. టిష్యూ పేపర్ మీద పాట పేరు రాసి వెయిటర్‌తో పంపేవాళ్ళు. మేం వాయించకపోతే నవ్వి ఊరుకునేవాళ్ళు. తర్వాత పబ్బులు జూబ్లీహిల్స్ 36, 45 నంబర్ రోడ్లలో నిండిపోయి, గచ్చిబౌలి దాకా పాకాయి. టేబుల్‌కు కనీసం ఇంత బిల్లు చేయాలన్న పద్ధతి వచ్చింది. వేలకు వేలు పెట్టి కూర్చున్నవాడికి ఆ రాత్రికి ఆ గది మొత్తం తనదే అనిపిస్తుంది. పక్క టేబుల్‌కు సీసా మీద చిచ్చుబుడ్డి వెలిగించి తెస్తే తన టేబుల్‌కు రెండు రావాలంటాడు. మా బ్యాండ్‌ను మూలకు జరిపి డీజేను మధ్యలోకి తెచ్చారు. వారంలో ఒకటో రెండో రోజులు మాకు మిగిలాయి.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది సౌండ్. జూబ్లీహిల్స్ కాలనీవాళ్ళ కేసులో, రాత్రి 10 దాటాక పబ్బుల్లో మ్యూజిక్ వద్దని 2022లో హైకోర్టు చెప్పినప్పుడు మావాళ్ళు చాలామంది పొట్టకొట్టారని బాధపడ్డారు. కోర్టు చూసింది చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళ నిద్ర. లోపల ఏమవుతుందో నేను రోజూ స్టేజి మీంచి చూసేవాణ్ణి. ఒకడి భుజం ఇంకొకడికి తగులుతుంది. వాడు సారీ అంటాడు. వీడికి వినపడదు. పెదాలు కదలడం చూసి తిట్టాడనుకుంటాడు. పైగా ఇద్దరి చేతుల్లోనూ గాజు గ్లాసులు. శుక్ర, శనివారాల రాత్రి ఒంటిగంటకు మూసేస్తారు కాబట్టి లాస్ట్ ఆర్డర్ అనగానే ఒక్కొక్కడు మూడేసి పెగ్గులు ఒకేసారి తెప్పించుకుంటాడు. గొడవలు ఎక్కువగా పుట్టేది ఆ అరగంటలోనే. బౌన్సర్లు అప్పటికి పొద్దుటి నుంచి నిలబడి అలసిపోయి ఉంటారు.

ఆ శనివారం గొడవ హీరోల గురించి. ఒక టేబుల్‌వాళ్ళు తమ హీరో పాట వాయించమన్నారు, వాయించాం. ఇంకో టేబుల్‌వాళ్ళు తమవాడిది కావాలన్నారు. మొదటివాళ్ళు మళ్ళీ మాదే అన్నారు. మా సింగర్ మైకులో ఏదో సర్దిచెబుతున్నాడు. సీసా ఎవరు విసిరారో నేను చూడలేదు. కుడి చెవికి కాస్త పైన తగిలింది. సగం నిండిన విస్కీ సీసా. చొక్కా అంతా తడిసిపోయింది. కాసేపు స్పృహ లేదట. లేచాక మామూలుగానే మాట్లాడానట. కీబోర్డు బ్యాగులో పెట్టారా అని అడిగానట.

నన్ను పక్క వీధిలోని నర్సింగ్ హోమ్‌కు తీసుకెళ్ళింది మేనేజర్ కాదు, గేటు దగ్గర డ్యూటీలో ఉన్న బౌన్సర్. పాతికేళ్ళుంటాయి. వనపర్తి వైపు కుర్రాడు. అక్కడి డ్యూటీ డాక్టర్ నాకు కుట్లు వేశాడు. సీటీ స్కాన్ అక్కర్లేదా అని ఈ కుర్రాడు అడిగితే, నా చొక్కా వాసన చూసి, "మందు దిగితే అదే సర్దుకుంటుంది, తీసుకెళ్ళి పడుకోబెట్టండి" అన్నాడు. నేను ఆ రాత్రి స్టేజి మీద తాగింది సోడా. ఆ సంగతి నేనూ చెప్పాను, కుర్రాడూ చెప్పాడు. ఎంఎల్‌సీ, అంటే పోలీసులకు తెలపాల్సిన మెడికో లీగల్ కేసుగా రాయమంటే, పోలీసు గొడవలెందుకు, మెట్ల మీద పడ్డాడని రాస్తానన్నాడు. కొట్లాటలో గాయపడ్డ మనిషిని ఆసుపత్రి ఎంఎల్‌సీగా నమోదు చేసి పోలీసులకు తెలపాలి. అదే సమయంలో పోలీసు లాంఛనాల కోసం వైద్యం ఆపకూడదని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నాకు కేసూ రాయలేదు, వైద్యమూ సరిగా అందలేదు.

ఇంటి దగ్గర దింపేటప్పుడు ఆ కుర్రాడు మా ఆవిడతో అన్న మాటలు ఆమె ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా చెబుతుంది. "వదినా, అన్న తాగలే. నేను చూసిన. గంటకోపారి లేపి మాట్లాడిపియ్యి. వాంతి చేస్కుంటే నాకు ఫోన్ కొట్టు, ఎంత రాత్రయినా సరే." వాళ్ళ ఊళ్ళో కుస్తీలో తలకు దెబ్బ తగిలిన పిల్లవాడొకడు అలాగే మామూలుగా ఇంటికొచ్చి నిద్రలో పోయాడట.

నాకు గుర్తున్నది కుడి కణత దగ్గర నొప్పి, ట్యూబ్‌లైట్ కళ్ళలోకి గుచ్చుకోవడం, అంతే. మిగిలింది ఆమెదే. మొదటిసారి లేపినప్పుడు విసుక్కున్నాను. రెండోసారి లేపినప్పుడు కీబోర్డు ఏదని అడిగాను. హాల్లో ఉందని చెప్పింది. నిమిషం తిరక్కుండా మళ్ళీ అదే అడిగాను. మళ్ళీ చెప్పింది. మళ్ళీ అడిగాను. అప్పుడు వాంతి అయింది. మంచినీళ్ళ గ్లాసు ఎడమ చేతికిస్తే వేళ్ళలోంచి జారి పగిలింది. ఆమె ఫోన్ టార్చి వేసి నా కళ్ళలోకి చూసింది. ఎడమ కంటి పాప వెలుగుకు చిన్నదైంది. కుడి కంటి పాప కదల్లేదు. నల్లగా, పెద్దగా, అలాగే ఉండిపోయింది. "ఆ కన్ను నన్ను చూస్తున్నట్టు లేదండీ" అంటుంది ఇప్పటికీ. ఇది చెప్పేటప్పుడు మాత్రం లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

108కి ఫోన్ చేసింది. బావమరిదికి చేసింది. బౌన్సర్ కుర్రాడికి చేసింది. మా పాప నిద్రలేచి ఏడుస్తుంటే ఎదురింటి తలుపు కొట్టింది. ఎదురింటావిడ తలుపు తీసి, నా చొక్కా వాసనకు ముక్కు మూసుకుని, "ఇప్పుడు పడుకోనివ్వండమ్మా, పొద్దున మాట్లాడుకోవచ్చు" అని తలుపేసుకుంది. కిందికి దించుతుంటే వాచ్‌మన్ "సారుకు ఎక్కువైనట్టుందే మేడమ్" అన్నాడు. ఆ చొక్కా మార్చాలన్న ఆలోచన ఎవరికి వస్తుంది ఆ టెన్షన్‌లో? మనిషి చచ్చిపోతుంటే చుట్టూ ఉన్నవాళ్ళందరికీ మందు వాసన ఒక్కటే అందింది.

108లో వచ్చిన అబ్బాయి మాత్రం ఏమీ అనలేదు. రెండు కళ్ళలోకి టార్చి వేసి చూశాడు, డ్రైవర్‌తో చిన్నాసుపత్రులు వద్దు, న్యూరోసర్జన్ ఉన్నచోటికే పోనీ అన్నాడు. దారి పొడుగునా నా పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాడట. అతను ఎవరో, ఎక్కడుంటాడో మాకు తెలీదు. రోజూ దీపం పెట్టేటప్పుడు మా ఆవిడ అతని కోసం కూడా దణ్ణం పెడుతుంది.

అక్కడి న్యూరోసర్జన్ ఒక ఆవిడ. మా ఆవిడ కంగారుగా "మా ఆయన తాగలేదు మేడమ్" అని మొదలుపెడితే ఆపి, "తాగినా ఆపరేషన్ ఇదే కదమ్మా. దెబ్బ ఎన్ని గంటలకు తగిలింది, మధ్యలో బాగా మాట్లాడారా, అది చెప్పండి" అన్నదట. చెవి పైన పుర్రె ఎముక పల్చగా ఉంటుంది. దాని లోపలివైపు ఒక రక్తనాళం అంటుకుని ఉంటుంది. ఎముక చిట్లితే అది తెగి, పుర్రెకీ మెదడు పైపొరకీ మధ్య రక్తం చేరుతుంది. చేరే కాసేపు మనిషి మామూలుగా నడుస్తాడు, మాట్లాడతాడు. దాన్నే లూసిడ్ ఇంటర్వెల్ అంటారు. అలా చేరిన రక్తపు గడ్డను ఎక్స్‌ట్రాడ్యూరల్ హెమటోమా అని కేస్ షీట్‌లో రాశారు. తెల్లారకముందే పుర్రె తెరిచి గడ్డ తీశారు. ఐసీయూ, పైపులు, స్టేపుల్స్, వాటి గురించి రాయడానికేం లేదు, అందరికీ ఉండేవే.

రక్తపరీక్షలో ఆల్కహాల్ లేదని వచ్చింది. మా బావమరిది ఆ కాగితం తీసుకెళ్ళి నర్సింగ్ హోమ్‌వాళ్ళ మొహాన కొడతానన్నాడు. నేనొద్దన్నాను. ఆ కాగితం చూపించి మంచివాణ్ణని అనిపించుకోవడం నాకు ఇష్టం లేదు. నేను ఫుల్‌గా తాగి ఉన్నా పగిలిన పుర్రె పగిలిన పుర్రే. తాగినవాడికి తలకు దెబ్బ తగిలితే ఇంకా జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే మత్తు వల్ల ఏది మందో ఏది మెదడులో రక్తమో పైకి తేలదు. ఇంతా జరిగాక పేపర్లో వచ్చింది నాలుగు లైన్లు. మద్యం మత్తులో ఘర్షణ, ఒకరికి గాయాలు అని.

మంచం మీద ఉండగా బ్రిటన్‌లోని కార్డిఫ్ గురించి చదివాను. అక్కడ జోనథన్ షెపర్డ్ అనే సర్జన్ పబ్బుల్లో పగిలిన గ్లాసులతో చీరుకుపోయిన మొహాలు కుట్టీ కుట్టీ, వీటిలో చాలా దెబ్బల సంగతి పోలీసుల దాకా వెళ్ళడమే లేదని గమనించాడు. ఆసుపత్రికి వచ్చిన ప్రతివాణ్ణీ ఎక్కడ, ఎప్పుడు, దేంతో కొట్టారని అడిగి, పేర్లు తీసేసి పోలీసులకూ నగరపాలికకూ ఇచ్చే ఏర్పాటు చేశాడు. ఏ పబ్బులో, ఏ వీధిలో, ఏ గంటలో ఎక్కువ దెబ్బలు తగులుతున్నాయో తెలిసింది. అక్కడ కాపలా పెంచారు. చేతిలో కత్తిలా పగలని గట్టి గాజు గ్లాసుల కోసం పోరాడాడు. దెబ్బలతో ఆసుపత్రికి వచ్చేవాళ్ళు తగ్గారు. ఇది చదివి నేను ఏడ్చాను. నన్ను ఆ రాత్రి అడిగింది తాగావా అని ఒక్కటే.

ఎడమ చెయ్యి రావడానికి చాలాకాలం పట్టింది. ఫిజియోథెరపీలో మినప్పప్పు గింజలు ఒక్కొక్కటే ఏరి గిన్నెలో వెయ్యమనేవాళ్ళు. ఉంగరం వేలు వచ్చేది, చిటికెన వేలు వెనకబడేది. మిక్సీ చప్పుడుకు తల పగిలిపోయేది, అందుకని మా అమ్మ తెనాలి నుంచి వచ్చి పచ్చళ్ళు రోట్లో నూరింది. పాప సంగీతం క్లాసులో సరళీ వరుసలు నేర్చుకుంటోంది. దాని పక్కన కూర్చుని నేనూ మొదటి కాలంలో ఎడమ చేత్తో వాయించాను. రెండో కాలం ఇప్పుడిప్పుడే పడుతోంది. చిలుకూరు బాలాజీకి మొక్కుకుంది మా ఆవిడ. కోరిక తీరాక చేసే 108 ప్రదక్షిణలు ఇద్దరం కలిసే చేశాం. నాకు కళ్ళు తిరిగినప్పుడల్లా గట్టు మీద కూర్చోబెట్టి, ఆమె నా కోసం ఆగింది. ఆ స్వామి లేకపోతే నేను లేనని నమ్ముతున్నాను. ఆ సర్జన్ లేకపోయినా లేను.

పబ్బు యజమాని మనిషి ఇంటికొచ్చాడు. మెట్ల మీద జారిపడ్డానని రాసిస్తే బిల్లంతా కడతామన్నాడు. మా అమ్మ అతన్ని గుమ్మం దాటనివ్వలేదు. సీసీ కెమెరా ఆ రాత్రి పనిచేయలేదట. వందమందికి పైగా గుమికూడే చోట కెమెరాలుండాలి, రికార్డింగ్ 30 రోజులు దాచాలి అని 2013 నుంచి చట్టం ఉంది. పుర్రె ఎముక చిట్లింది కాబట్టి భారతీయ న్యాయ సంహిత ప్రకారం ఇది తీవ్ర గాయం. గాయం గురించి డాక్టర్లిచ్చే వూండ్ సర్టిఫికెట్ కూడా అలాగే వచ్చింది. కేసు నడుస్తోంది.

మీ ఇంట్లో ఎవరికైనా తలకు దెబ్బ తగిలి, ఆ తర్వాత పదేపదే వాంతి, ఆగని మత్తు, అడిగిందే అడగడం, ఒక కంటి పాప పెద్దదవడం, ముక్కు చెవుల్లోంచి నీరు, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకండి. సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే వెళ్ళండి. తాగాడని ఎవరన్నా వినకండి.

జరిగింది జరిగినట్టు పోలీసులకు వాంగ్మూలం ఇచ్చింది ఆ బౌన్సర్ కుర్రాడొక్కడే. మర్నాడే ఉద్యోగం తీసేశారు. ఆ ఏజెన్సీ ఇంకెక్కడా పెట్టుకోలేదు. ఇప్పుడు ఫంక్షన్ హాళ్ళలో రోజుకూలీకి గేటు దగ్గర నిలబడుతున్నాడు, అదీ ముహూర్తాలున్నప్పుడే. చెల్లెలి పెళ్ళి పెట్టుకున్నాడు. నా దగ్గర డబ్బు తీసుకోమంటే "గదేంటన్నా" అని బాధపడ్డాడు. ఆసుపత్రిలోగానీ, స్కూల్లోగానీ, ఏదైనా ఆఫీసులోగానీ నెలజీతం మీద సెక్యూరిటీ పని ఇప్పించగలిగినవాళ్ళు ఇది చదివితే నాకు చెప్పండి. నేనే వెంటబెట్టుకుని తీసుకొస్తాను.